నానోకు దిగువన ఏముంది?

నానో టెక్నాలజీ అన్న మాట మన పత్రికలకు, పాఠ్యపుస్తకాలకు, చివరకు పొలానికి తీసుకెళ్లే ఎరువు సీసాలకు కూడా అలవాటైపోయింది. ఆ అలవాటులోంచే ఒక ప్రశ్న తరచుగా వస్తూ ఉంటుంది: నానో తరువాత ఏమిటి? కొలతల పట్టికలో నానో కింద పికో ఉంది, పికో కింద ఫెమ్టో ఉంది. కాబట్టి నానో టెక్నాలజీ తరువాత పికో టెక్నాలజీ, దాని తరువాత ఫెమ్టో టెక్నాలజీ వరుసగా వస్తాయనీ, యంత్రాలు మెట్టు మెట్టుకూ వెయ్యి రెట్లు చిన్నవవుతూ పోతాయనీ చాలామంది ఊహిస్తారు. భౌతికశాస్త్రాన్ని చదువుకుని, దానినే తరగతి గదిలో చెబుతూ వచ్చిన నాకు ఈ ఊహ మీద చాలాకాలంగా అభ్యంతరం ఉంది. నానోకు దిగువన పదార్థంతో పని చేయడం సాధ్యమే, ఆ పని ఇప్పటికే జరుగుతోంది, అందులో కొంత మన జేబులోని ఫోనులో కూడా ఉంది. అయితే ఆ పని తీరు పూర్తిగా వేరు. ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టే విద్య పరమాణువు దగ్గర ముగిసిపోతుంది. అక్కడి నుంచి కిందికి దిగినవాడు ఉన్నదానిని సవరించడం, లోపల నిద్రపోతున్న స్థితులను మేలుకొలపడం నేర్చుకోవాలి.

ముందు కొలతలు చూద్దాం. మీటరులో నూరు కోట్ల వంతు నానోమీటరు. లక్ష కోట్ల వంతు పికోమీటరు. పికోమీటరులో వెయ్యో వంతు ఫెమ్టోమీటరు. సిలికాన్ స్ఫటికంలో పక్కపక్కనే ఉన్న రెండు పరమాణువుల మధ్య దూరం 235 పికోమీటర్లు, అంటే ఒక నానోమీటరు పొడవునా నాలుగైదు పరమాణువులకు మించి పట్టవు. కేంద్రకం దగ్గరికి వస్తే ప్రోటాన్ వ్యాసార్ధం 0.84 ఫెమ్టోమీటరు, థోరియం లాంటి బరువైన కేంద్రకం వ్యాసం సుమారు 15 ఫెమ్టోమీటర్లు. ఆ కేంద్రకాన్ని మిరియపు గింజంత చేసి చూస్తే, దాని చుట్టూ ఉన్న పరమాణువు ఒక క్రికెట్ మైదానమంత విస్తరిస్తుంది. ఈ రెండింటి నడుమ ఎలక్ట్రాన్ల మేఘం తప్ప చేతికి చిక్కే వస్తువేదీ లేదు. నానో కింద పికో స్థాయిలో మరింత చిన్న ఇటుకలు దొరుకుతాయని అనుకోవడం ఇక్కడే పొరపాటవుతుంది. పరమాణువు కంటే చిన్న ఇటుక కావాలంటే వెతకవలసింది కేంద్రకంలోనే, కానీ అక్కడి నియమాలు ఇటుకల నియమాలు కావు.

పేర్చే విద్య తన అంచును 1989లోనే చేరుకుంది. కాలిఫోర్నియాలోని ఐబీఎం ఆల్మడెన్ పరిశోధనశాలలో డాన్ ఐగ్లర్, పరమశూన్యానికి నాలుగు డిగ్రీల ఎగువన చల్లబరచిన నికెల్ ఉపరితలం మీద 35 జెనాన్ పరమాణువులను ఒక్కొక్కటిగా జరిపి, తమ సంస్థ పేరులోని మూడు అక్షరాలను రాశాడు. అందుకు వాడిన స్కానింగ్ టనలింగ్ సూక్ష్మదర్శినిని 1981లో జ్యూరిక్‌లో బినిగ్, రోరర్ తయారుచేశారు. దాని సూది మొన ఉపరితలానికి 100 పికోమీటర్లు దగ్గరైతే చాలు, వాటి మధ్య ప్రవహించే విద్యుత్తు దాదాపు పది రెట్లు పెరుగుతుంది. అందువల్ల సూదిని పికోమీటర్ల కచ్చితత్వంతో పట్టి ఉంచడం ఆనాటి నుంచే సాధ్యమైంది. చేతి నేర్పు పికోమీటర్లలో ఉన్నా, కదిలిన వస్తువు మాత్రం నిండు పరమాణువే. ఈ తేడాను గుర్తుపెట్టుకుంటే తరువాతి సంగతులన్నీ తేలికగా అర్థమవుతాయి.

పికోమీటరును పదార్థంలోనే మార్చి లాభం పొందిన మొట్టమొదటి పెద్ద పరిశ్రమ చిప్పుల పరిశ్రమ అని నా అభిప్రాయం. 2003లో ఇంటెల్ సంస్థ 90 నానోమీటర్ల తరం చిప్పులలో బిగించిన సిలికాన్‌ను ప్రవేశపెట్టింది. ఒక రకం ట్రాన్సిస్టర్‌లో విద్యుత్తు నడిచే దారికి అటూ ఇటూ గుంటలు చెక్కి, వాటిలో సిలికాన్, జర్మేనియం కలిసిన స్ఫటికాన్ని పెంచారు. సిలికాన్ స్ఫటికంలో పునరావృతమయ్యే ఘనపు అంచు 543 పికోమీటర్లు, జర్మేనియంలో అది 566 పికోమీటర్లు. అందువల్ల మిశ్రమం కొంచెం ఎక్కువ చోటు కోరి, మధ్యలో చిక్కుకున్న సిలికాన్‌ను రెండు వైపుల నుంచీ నొక్కుతుంది. రెండో రకం ట్రాన్సిస్టర్ మీద నైట్రైడ్ పొర పరిచి సిలికాన్‌ను సాగదీశారు. ఈ నొక్కుడు వల్ల, సాగుడు వల్ల పరమాణువుల మధ్య దూరం మారింది ఒకటి రెండు పికోమీటర్ల మేరకే. అంత మాత్రానికే స్ఫటికంలోని శక్తి పట్టీల (ఎలక్ట్రాన్లకు అక్కడ అనుమతి ఉన్న శక్తుల శ్రేణుల) ఆకారం మారి, విద్యుదావేశం మునుపటికంటే చురుకుగా పరుగెత్తింది. కొత్త వస్తువు చేర్చకుండా, ఉన్న బంధాన్నే నూటికి ఒక వంతు లోపు కదిపి, ఆ పదార్థపు గుణాన్ని మార్చుకోవడం ఇక్కడ జరిగిన పని. దీనికి ఎవరూ పికో టెక్నాలజీ అని పేరు పెట్టలేదు. ఆ పేరుకు తగిన పని ఏదైనా ఉంటే నా దృష్టిలో అది ఇదే.

గడియారాల్లో వాడే క్వార్ట్జ్ కూడా ఈ కోవలోదే. క్వార్ట్జ్ స్ఫటికాన్ని తగిన దిశలో కోసి చేసిన పలక రెండు ముఖాల మధ్య ఒక వోల్టు పెడితే దాని మందం సుమారు 2 పికోమీటర్లు మారుతుంది. చూడడంలో కూడా మనిషి ఈ స్థాయికి దిగాడు. 2012లో జ్యూరిక్ ఐబీఎం శాస్త్రవేత్తలు సూది కొసన ఒకే ఒక్క కార్బన్ మోనాక్సైడ్ అణువును అంటించి, కార్బన్ అణువుల్లోని వేర్వేరు బంధాల పొడవుల మధ్య ఉన్న కొద్దిపాటి పికోమీటర్ల తేడాను గుర్తుపట్టారు.

ఇక పరమాణువునే కుదించవచ్చా అన్న ప్రశ్నకు ప్రకృతి ఒక విచిత్రమైన సాధనాన్ని ఇచ్చింది. మ్యూయాన్ అనే కణం అన్ని విధాలా ఎలక్ట్రాన్ లాంటిదే, బరువు మాత్రం 207 రెట్లు ఎక్కువ. విశ్వకిరణాలు వాతావరణాన్ని తాకినప్పుడు పుట్టిన మ్యూయాన్లు మన అరచేతిలోంచి సెకనుకు ఒకటి చొప్పున ఇప్పుడు కూడా దూసుకుపోతున్నాయి. హైడ్రోజన్‌లో ఎలక్ట్రాన్ స్థానాన్ని మ్యూయాన్ ఆక్రమిస్తే, ఆ బరువు వల్ల అది కేంద్రకానికి దాదాపు రెండు వందల రెట్లు దగ్గరగా తిరుగుతుంది. 53 పికోమీటర్ల పరమాణువు పికోమీటరులో మూడో వంతు కంటే చిన్నదైపోతుంది. స్విట్జర్లాండ్‌లోని పాల్ షేరర్ సంస్థలో 2010లో ఇలాంటి కుదించిన హైడ్రోజన్ మీద లేజర్ ప్రయోగించి, ప్రోటాన్ పరిమాణాన్ని మునుపెన్నడూ లేనంత నిక్కచ్చిగా కొలిచారు. అప్పటిదాకా 0.88 ఫెమ్టోమీటరు దగ్గర ఉన్న అంకె 0.84కు దిగింది.

రెండు హైడ్రోజన్ కేంద్రకాలను మ్యూయాన్ ఇలా దగ్గరికి లాగినప్పుడు అవి కోట్ల డిగ్రీల వేడి అవసరం లేకుండానే కలిసిపోతాయని 1940ల చివరలోనే భౌతిక శాస్త్రవేత్తలు ఫ్రాంక్, సఖరోవ్ ఊహించారు. 1956లో బర్క్‌లీలో లూయీ అల్వారెజ్ బృందం బుడగల గదిలో తీసిన ఛాయాచిత్రాల్లో అది నిజంగానే కనిపించింది, మానవజాతి ఇంధన సమస్య తీరిపోయిందని వాళ్లు కాసేపు సంబరపడ్డారు కూడా. కానీ లెక్క కుదరలేదు. మ్యూయాన్ ఆయుష్షు ఒక సెకనులో పది లక్షల వంతులు రెండింటికి కాస్త ఎక్కువ, అంతే. అంతకు ముందే సంలీనంలో పుట్టిన హీలియం కేంద్రకానికి అది అంటుకుపోయి పనికిరాకుండా పోవడమూ ఉంది. బరువైన హైడ్రోజన్ రకాలైన డ్యుటీరియం, ట్రిటియం మిశ్రమంలో ఒక మ్యూయాన్ మహా అయితే 150 సంలీనాల దాకా జరిపించగలదు. ఒక్కో సంలీనం 1.76 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల (పరమాణువుల లోకంలో శక్తిని కొలిచే ప్రమాణం) శక్తిని ఇస్తే మొత్తం 264 కోట్లు. ఆ ఒక్క మ్యూయాన్‌ను యాక్సిలరేటర్‌లో పుట్టించడానికి ఖర్చయ్యే శక్తి సుమారు 500 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు. పికోమీటరు కంటే చిన్న అణువును చేయగలిగాం, దానితో పని కూడా చేయించగలిగాం, కానీ అది నిలవదు. నానోకు దిగువన ఎదురయ్యే ప్రధానమైన చిక్కు నిలకడ లేకపోవడమేనని ఈ ఉదాహరణ చూపుతుంది.

కేంద్రకాన్ని బలప్రయోగంతో మార్చడం మాత్రం పాత సంగతే. 1919లో రూథర్‌ఫర్డ్ ప్రచురించిన ప్రయోగంలో ఆల్ఫా కణం తాకిన నైట్రోజన్ ఆక్సిజన్‌గా మారింది. శ్రీపర్వతం మీద సిద్ధ నాగార్జునుడు రసవాదం సాధించాడని చెప్పుకునే మన నేలకు సీసం బంగారం కావడమంటే ఆసక్తి ఉండడం సహజమే. జెనీవాలోని కణ భౌతికశాస్త్ర పరిశోధనశాల సెర్న్‌లో సీసపు కేంద్రకాలు కాంతి వేగానికి అత్యంత చేరువలో ఒకదానినొకటి తాకీ తాకకుండా రాసుకుపోయినప్పుడు, వాటి విద్యుదయస్కాంత క్షేత్రం తాకిడికి కొన్నింటిలోంచి మూడేసి ప్రోటాన్లు రాలిపోయి, 82 ప్రోటాన్ల సీసం 79 ప్రోటాన్ల బంగారమవుతుంది. 2015 నుంచి 2018 వరకు జరిగిన ప్రయోగాల్లో ఇలా పుట్టిన బంగారు కేంద్రకాలు సుమారు 8,600 కోట్లని ఆలిస్ ప్రయోగ బృందం 2025లో లెక్క తేల్చింది. వాటన్నిటి బరువూ కలిపితే 29 పికోగ్రాములు. అవి కూడా క్షణంలో గొట్టపు గోడకు తగిలి ఛిన్నాభిన్నమయ్యాయి. ఇది పదార్థాన్ని మలచడం కిందికి రాదని నేను అనుకుంటాను. ఏ కేంద్రకం ఎప్పుడు ఏమవుతుందో ఎంచుకునే అధికారం చేసేవాడికి ఉన్నప్పుడే దానిని పనితనం అనగలం.

కొందరు ఊహాశీలురు ఇంతకంటే దూరం వెళ్లి, ప్రోటాన్లు, న్యూట్రాన్లతోనే దారాలు, పలకలు, యంత్రాలు అల్లవచ్చని రాశారు. అలాంటి పదార్థం ఉక్కు కంటే లెక్కలేనన్ని రెట్లు గట్టిగా ఉంటుందని వాళ్ల వాదన. దీనిని నేను నమ్మలేకపోవడానికి కారణం కేంద్రక బలం స్వభావంలోనే ఉంది. ఆ బలం ఒకటి రెండు ఫెమ్టోమీటర్లు దాటితే పనిచేయదు, కాబట్టి ప్రతి కణమూ తన పక్కనున్న వాటిని మాత్రమే పట్టుకుంటుంది. ప్రోటాన్ల మధ్య విద్యుత్ వికర్షణ మాత్రం ఎంత దూరమైనా అందుతుంది. అందుకే కేంద్రకం పెరిగే కొద్దీ అస్థిరమవుతుంది. ఇప్పటిదాకా తయారుచేయగలిగిన అత్యంత బరువైన మూలకం ఒగనెసాన్ అర్ధాయువు (ఉన్న కేంద్రకాల్లో సగం క్షయించడానికి పట్టే కాలం) సెకనులో వెయ్యో వంతు కూడా లేదు. ప్రోటాన్లు లేకుండా న్యూట్రాన్లనే పేరుద్దామంటే, కేంద్రకం బయట ఒంటరి న్యూట్రాన్ సగటున పదిహేను నిమిషాల లోపే విచ్ఛిన్నమవుతుంది. పైగా కేంద్రకం తనంత తానుగా గుండ్రంగానో, కాస్త కోలగానో సర్దుకునే ద్రవపు బొట్టు లాంటి గుణం కలది. దారంగా సాగదీసి వదిలితే ఆ ఆకారంలో ఆగే కారణం దానికి లేదు. న్యూట్రాన్ నక్షత్రాల పైపొరలో దారాలు, పలకల ఆకారాలు ఉండవచ్చని సిద్ధాంతం చెబుతుంది కానీ, అక్కడ వాటిని ఆ ఆకారంలో బిగబట్టి ఉంచేది ఆ నక్షత్రపు గురుత్వాకర్షణ.

శక్తి లెక్క కూడా ఇందుకు అడ్డమే. ఏ కణాన్నైనా ఎంత చిన్న చోట బంధిస్తే దాని కదలికకు అంత ఎక్కువ శక్తి చేరుతుందని క్వాంటం సిద్ధాంతం చెబుతుంది. రసాయన బంధాలు కొద్ది ఎలక్ట్రాన్ వోల్టులతో తేలిపోతాయి. కేంద్రకంలో ఒక్కో కణాన్ని పట్టి ఉంచే శక్తి సుమారు 80 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు. కేంద్రకంలో ఒక స్థితి నుంచి మరో స్థితికి మారడానికి సాధారణంగా వేలు, లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. లేజర్ కాంతి కణానికి ఉండేది కొద్ది ఎలక్ట్రాన్ వోల్టులే కనుక, కేంద్రకం తలుపును లేజర్‌తో తట్టడం అసాధ్యమని చాలాకాలం అనుకున్నారు. ఈ దారిలో ఒక చేదు అనుభవం కూడా ఉంది. హాఫ్నియం-178 (ఆ అంకె కేంద్రకంలోని ప్రోటాన్లు, న్యూట్రాన్ల మొత్తం సంఖ్య) కేంద్రకానికి 31 ఏళ్ల అర్ధాయువుతో 24 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిని దాచుకునే ఒక స్థితి ఉంది. దంతవైద్యులు వాడే ఎక్స్-రే యంత్రంతో దానిని కోరినప్పుడు విడుదల చేయవచ్చని టెక్సస్ విశ్వవిద్యాలయపు డల్లాస్ శాఖ బృందం ఒకటి 1999లో ప్రకటించింది. ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో అంతకంటే ఎంతో బలమైన ఎక్స్-కిరణాలతో ఇతరులు చేసిన పరీక్షలో ఆ ఫలితం కనిపించలేదు. ఆయుధాల ఆశ చుట్టూ డబ్బు, హడావిడి చేరినంత వేగంగా ఆ కథ చల్లబడింది కూడా.

హాఫ్నియం చుట్టూ ఇంత గొడవ జరుగుతున్న రోజుల్లోనే మరో కేంద్రకం వెనుక కొద్దిమంది ఓపికగా నడుస్తున్నారు. అది థోరియం-229. దాని కథను కొంచెం వివరంగా చెప్పాలని ఉంది.

1976లో అమెరికాలోని ఐడహోలో క్రోగర్, రైక్ అనే ఇద్దరు యురేనియం-233 క్షయించి థోరియం-229గా మారేటప్పుడు వెలువడే గామా కిరణాలను పరిశీలించారు. ఆ వర్ణపటంలోని గీతలు పొసగాలంటే, థోరియం-229 భూస్థితికి (అతి తక్కువ శక్తి ఉన్న స్థితికి) దాదాపు ఆనుకునే మరో స్థితి ఉండాలని, వాటి మధ్య తేడా 100 ఎలక్ట్రాన్ వోల్టుల కంటే తక్కువని తేల్చారు. గామా గీతలను ఓపికగా కొలిచి కేంద్రకపు మెట్లను గీయడం మన ప్రాంతానికి కొత్త కాదు. పశ్చిమగోదావరి జిల్లాలో పుట్టి, ప్రాగ్‌లోనూ లివర్‌పూల్‌లోనూ పనిచేసి వచ్చిన స్వామి జ్ఞానానంద ఆంధ్ర విశ్వవిద్యాలయంలో నెలకొల్పిన కేంద్రక భౌతికశాస్త్ర ప్రయోగశాల పేరు తెచ్చుకున్నది బీటా, గామా వర్ణపటాల పనితోనే. ఆ విద్య విలువ ఏమిటో థోరియం కథలో స్పష్టంగా కనిపిస్తుంది, ఎందుకంటే ఆ తేడా అంకెను పట్టుకోవడానికే దాదాపు యాభై ఏళ్లు పట్టింది.

1990ల మధ్యలో ఆ తేడా 3.5 ఎలక్ట్రాన్ వోల్టులని లెక్క వచ్చింది. అది నిజమైతే కావలసింది మామూలు అతినీలలోహిత కాంతి. చాలామంది అక్కడే వెతికారు, ఏమీ దొరకలేదు. 2007లో అమెరికాలోని లివర్‌మోర్ ప్రయోగశాల శాస్త్రవేత్తలు, అంతరిక్ష పరిశోధనకు తయారైన అతి సున్నితమైన ఉష్ణ గ్రాహకంతో గామా గీతలను మళ్లీ కొలిచి, అంకె 7.6 దగ్గర ఉందన్నారు. అంటే అప్పటిదాకా వెతికినది తప్పు రంగులో. కొత్త అంకె సూచించే కాంతిని గాలిలోని ఆక్సిజనే మింగేస్తుంది. ప్రయోగమంతా శూన్యంలో చేయవలసిందే. 2016లో మ్యూనిక్ బృందం ఆ స్థితిని మొదటిసారి నేరుగా పట్టుకుంది. థోరియం పరమాణువు నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను ఊడదీయడానికి 6.3 ఎలక్ట్రాన్ వోల్టులు చాలు. అందుకే ఉత్తేజిత కేంద్రకం తటస్థ పరమాణువులో ఉంటే, తన శక్తిని కాంతిగా ఇవ్వకుండా పక్కనున్న ఎలక్ట్రాన్‌కు ఇచ్చి దానిని బయటికి తన్నేస్తుంది. మ్యూనిక్ వాళ్లు పట్టుకున్నది ఆ ఎలక్ట్రాన్లనే. అంకె 2019లో 8.28కి, 2023లో సెర్న్‌లోని ఐసోల్డే ప్రయోగంలో కేంద్రకం నుంచి వచ్చిన కాంతినే చూశాక 8.34కు చేరింది.

ఎలక్ట్రాన్ తన్నుకుపోకుండా చూడడానికి వియన్నా సాంకేతిక విశ్వవిద్యాలయంలో టోర్‌స్టెన్ షుమ్ బృందం ఎంచుకున్న ఉపాయం నాకు చాలా ఇష్టం. కాల్షియం ఫ్లోరైడ్ స్ఫటికంలో కొన్ని కాల్షియం పరమాణువుల చోట థోరియం-229ను కూర్చోబెట్టారు. ఆ స్ఫటికంలో ఎలక్ట్రాన్‌ను కదిలించడానికి 8.4 ఎలక్ట్రాన్ వోల్టులు చాలవు, పైగా ఆ రంగు కాంతికి అది పారదర్శకం కూడా. తప్పించుకునే దారి మూసుకుపోవడంతో కేంద్రకం తన శక్తిని కాంతిగానే ఇవ్వాలి. కొద్ది మిల్లీమీటర్ల స్ఫటికంలో లెక్కలేనన్ని కేంద్రకాలు ఒకేసారి లేజర్‌కు ఎదురుగా నిలుస్తాయి. ఈ స్ఫటికాలను ఆ బృందం స్వయంగా పెంచుకుంది. లేజర్ వైపు పనిని జర్మనీ జాతీయ కొలమానాల సంస్థలో ఎక్కెహార్డ్ పైక్ బృందం చూసింది; థోరియం-229తో, కేంద్రకం స్పందించే కాంతి కంపనాలను లెక్కపెట్టి కాలాన్ని కొలిచే కేంద్రక గడియారం కట్టవచ్చని 2003లోనే ప్రతిపాదించినవాళ్లలో పైక్ ఒకరు.

ప్రయోగం చేసే పద్ధతి వినడానికి సులువుగా ఉంటుంది. శూన్య గదిలో చల్లబరచిన స్ఫటికం మీద ఒక తరంగదైర్ఘ్యపు లేజర్‌ను కొంతసేపు వేస్తారు, ఆపేస్తారు, చీకటిలో స్ఫటికం నుంచి ఏమైనా కాంతి వస్తోందా అని గ్రాహకంతో చూస్తారు. తరువాత తరంగదైర్ఘ్యాన్ని ఇంచుక మార్చి మళ్లీ మొదలుపెడతారు. థోరియం రేడియోధార్మికం కనుక స్ఫటికం ఎప్పుడూ తనంత తానుగా సన్నగా మెరుస్తూనే ఉంటుంది. కావలసిన కాంతిని ఆ మెరుపులోంచి వేరు చేయాలి. 2023 నవంబరు 21న 148.38 నానోమీటర్ల దగ్గర లేజర్ ఆపిన తరువాత కూడా అదనపు కాంతి కనిపించింది. అది పది నిమిషాలకు పైగా మెల్లమెల్లగా తగ్గుతూ వచ్చింది. స్ఫటికంలోని లోపాలు అలా వెలగవచ్చు కదా అన్న సందేహం తీర్చడానికి, థోరియం-229 బదులు మామూలు థోరియం-232 నింపిన స్ఫటికాన్ని అదే లేజర్ ముందు పెట్టి చూశారు. రసాయనంగా రెండూ ఒకటే, కేంద్రకాలు మాత్రమే వేరు. రెండో స్ఫటికంలో ఆ కాంతి రాలేదు. నా దృష్టిలో మొత్తం కథలో అన్నిటికంటే బలమైన సాక్ష్యం ఆ రాని కాంతే. 2024 ఏప్రిల్‌లో ఫలితం ప్రచురితమైంది. కొద్ది నెలలకే లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ బృందం వేరొక స్ఫటికంలో అదే చూసింది.

2024 సెప్టెంబరులో కొలరాడోలోని జిలా సంస్థలో జున్ యే బృందం ఇంకో అడుగు వేసింది. పరారుణ లేజర్ స్పందనలను జెనాన్ వాయువులోకి పంపి, ఏడు రెట్లు పౌనఃపున్యమున్న కాంతి దువ్వెనను (దువ్వెన పళ్లలా సమాన ఎడంలో ఉన్న ఎన్నో పౌనఃపున్యాల కాంతిని) పుట్టించి, థోరియం కేంద్రకాన్ని స్ట్రాన్షియం పరమాణు గడియారంతో నేరుగా పోల్చారు. ఆ కేంద్రకం అడిగే కాంతి సెకనుకు సుమారు 2,020 లక్షల కోట్ల కంపనాలు చేస్తుంది, ఆ సంఖ్యను వాళ్లు పదమూడు అంకెల దాకా చెప్పగలిగారు. అంతకు కొద్ది నెలల ముందు అంకెలో నాలుగైదు స్థానాలే ఖాయంగా తెలుసు.

ఇందులో కేంద్రకానికి జరిగిందేమిటి? థోరియం-229లో న్యూట్రాన్లు 139, బేసి సంఖ్య. ఆ జత లేని న్యూట్రాన్ తన కక్ష్యను, స్పిన్‌ను మార్చుకుంటుంది, దానితో కేంద్రకపు కోలతనం నూటికి రెండు వంతుల లోపు మారుతుంది. పదిహేను ఫెమ్టోమీటర్ల వస్తువు ఆకారాన్ని కోరినప్పుడు, దానిని గాయపరచకుండా మార్చి, మళ్లీ మొదటి స్థితికి వచ్చేదాకా చూడగలిగాం. ఫెమ్టో టెక్నాలజీ అన్న మాటకు నేను ఒప్పుకునే అర్థం ఇంతవరకే. ఇంత తక్కువ శక్తికి ఈ మార్పు జరగడానికి కారణం, ఆ రెండు స్థితుల మధ్య విద్యుత్ వికర్షణ తెచ్చే భారీ తేడా, కేంద్రక బలం తెచ్చే భారీ తేడా ఒకదానినొకటి దాదాపు పూర్తిగా కొట్టేసుకుని 8 ఎలక్ట్రాన్ వోల్టులు మాత్రమే మిగలడం. అందుకే ప్రకృతి స్థిరాంకాల్లో కాలంతో పాటు ఏ కాస్త మార్పు ఉన్నా, మామూలు పరమాణు గడియారంలో కంటే ఇందులో అది వేల రెట్లు పెద్దదిగా కనిపించాలి. విద్యుత్ బలం నిన్న ఉన్నంతే ఈరోజూ ఉందా అని అడగగల పరికరం ఇది. తెలిసిన కేంద్రకాలన్నిటిలో దీని తరువాత స్థానం యురేనియం-235లోని 76 ఎలక్ట్రాన్ వోల్టుల స్థితిది. నేటి లేజర్లకు అది అందదు. అంటే ప్రస్తుతానికి తెరుచుకున్న తలుపు ఇదొక్కటే.

థోరియం మాట వచ్చినప్పుడు మన తీరం గుర్తుకు రాకుండా ఉండదు. భీమిలి దగ్గర అల వెనక్కి వెళ్లాక ఇసుకలో మిగిలే నల్లటి చారలు ఎక్కువగా ఇల్మనైట్. వాటి మధ్య తేనెరంగులో ఉండే సన్నని రేణువులు మోనజైట్, థోరియం ఉండేది వాటిలో. దేశంలోని మోనజైట్ నిల్వల్లో ఆంధ్రప్రదేశ్ తీరానిదే పెద్ద వాటా. అయితే ఆ థోరియం దాదాపు అంతా 232 రకం. లేజర్‌కు పలికే 229 అందులో దొరకదు. దానిని పొందే దారి యురేనియం-233 గుండా పోతుంది. థోరియం-232ను రియాక్టర్‌లో న్యూట్రాన్లకు గురిచేస్తే యురేనియం-233 పుడుతుంది; అది 1,59,000 ఏళ్ల అర్ధాయువుతో క్షయిస్తూ థోరియం-229ను మిగులుస్తుంది. మన దేశంలో ఈ యురేనియంను తయారుచేసి ఇంధనంగా వాడిన అనుభవం ఉంది. కల్పాక్కంలోని కామినీ రియాక్టర్ 1996 నుంచి దానితోనే నడిచింది.

ఒక గ్రాము యురేనియం-233లో ఏడాదికి పుట్టే థోరియం-229 నాలుగు మైక్రోగ్రాములకు కాస్త ఎక్కువ. కామినీలో ఉన్న సుమారు 600 గ్రాముల ఇంధనాన్ని లెక్కలోకి తీసుకుంటే ఏడాదికి రెండున్నర మిల్లీగ్రాములు. జిలా వాళ్లు ఆ తరువాత తయారుచేసిన పలుచటి థోరియం ఫ్లోరైడ్ పొరలకు మైక్రోగ్రాములే సరిపోయాయి. వాడిన ఇంధనం నుంచి దానిని వేరు చేయడం ప్రమాదకరమైన, కష్టమైన పని. యురేనియం-232 మలినం వల్ల థోరియం-228 కూడా చేరుతుంది, దాని వారసుల్లో ఒకటి చాలా తీవ్రమైన గామా కిరణాలు వెదజల్లుతుంది. కానీ థోరియం-228 అర్ధాయువు 1.9 ఏళ్లే, వేరు చేసిన థోరియంను పాతికేళ్లు పక్కన పెడితే అది దాదాపు పదివేల వంతుకు తగ్గిపోతుంది, 7,900 ఏళ్ల అర్ధాయువున్న 229 మాత్రం దాదాపు తరగకుండా ఉంటుంది. కల్పాక్కంలోనూ ట్రాంబేలోనూ ఈ రసాయన విద్య తెలిసినవాళ్లు ఉన్నారు, పుణెలోని ఖగోళ భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రం అయుకాలో ఒకే ఒక్క యిటర్బియం అయానును లేజర్లతో పట్టి గడియారం కట్టే పని సాగుతోంది. ఈ రెండు రకాల మనుషులు ఒక బల్ల దగ్గర కూర్చుని, దేశంలోని పాత యురేనియం-233లో ఇప్పటికే పోగుపడిన థోరియం-229 ఎంతో లెక్క తీసి, దానిని వ్యర్థాలతో కలిసిపోకముందే వేరు చేసి దాచాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.